మూగబోయిన హెచ్చరిక
పడవ ఇంజను హారనును కనిపెట్టి పరీక్షించుట

కొన్ని సంవత్సరముల క్రిందట మా కళాశాల విద్యార్థులతో కలిసి గోదావరిపై లాంచీలో విహారయాత్రకు బయలుదేరాము. ప్రయాణము సగము సాగినదో లేదో, ఇంజను గది పలకల సందులలో నుండి ఆవిరి పైకి లేచినది. రబ్బరు మాడిన వాసన కొట్టినది. సరంగు వెంటనే ఇంజనును ఆపివేసినాడు. కాని నదికి ఆగుట తెలియదు గదా! ప్రవాహము మమ్ములను చాలా దూరము దిగువకు ఈడ్చుకొని పోయిన పిమ్మట, గెడలు వేసి ఎట్లో లాంచీని ఒడ్డుకు చేర్చినారు. అదృష్టవశమున ఎవరికిని హాని జరుగలేదు. పనివాడొకడు నీటిలోకి దిగి లాంచీ అడుగున తడిమి చూడగా, ఇంజనును చల్లబరచుటకు నీరు పీల్చుకొనే రంధ్రమునకు ఒక ప్లాస్టిక్ సంచి అడ్డుపడి ఉన్నది.

"ఇంజను వేడెక్కితే హారను కూయవలెను గదా! ఎందుకు కూయలేదు?" అని సరంగును అడిగాను.

"అదాండీ? అది మూగబోయి ఏడాది దాటిందండి. అసలెక్కడుందో కూడా తెలీదండి. ఎప్పుడూ కూయలేదు గదా, ఇంజను బాగానే ఉందనుకున్నామండి" అన్నాడు.

ఈ సమాధానమును విని నవ్వవలసిన పని లేదు. మనలో చాలమంది ఇట్లే ఆలోచిస్తాము. హారను కూయకపోవుటకు కారణములు రెండు ఉండవచ్చును. చెప్పవలసిన ఆపద లేకపోవుట ఒకటి. ఆపద ఉన్నప్పటికీ చెప్పే శక్తి హారనుకు లేకపోవుట రెండవది. ఈ రెండు సందర్భములలోను మన చెవికి వినబడేది ఒకే నిశ్శబ్దము. ఏ నిశ్శబ్దము ఏదో తెలిసికొనవలెనంటే పరీక్ష తప్ప మార్గము లేదు. ఆ పరీక్ష వెనుక ఉన్న విజ్ఞానమేమిటో చూద్దాము.

ఇంజనుకు కాపలా ఎందుకు?

ఇంజనులో కాలిన నూనెలోని శక్తి అంతా పడవను నడుపుటకు ఉపయోగపడదు. సుమారు మూడవ వంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగిలినది వేడిగా పొగగొట్టము ద్వారాను, ఇంజను గోడల ద్వారాను పోవలెను. మోటారుబండిలో ఈ వేడిని గాలి తీసికొనిపోతుంది. పడవలో సాధారణముగా నది నీరో సముద్రపు నీరో ఆ పని చేస్తుంది. రబ్బరు రెక్కలు గల పంపు ఆ నీటిని లోపలికి లాగుతుంది. ఆ రెక్కలు ఒరుసుకొనకుండ కాపాడేది కూడా ఆ నీరే. ఒక సంచి గాని, కాలువలలోనైతే గుర్రపుడెక్క గాని రంధ్రమునకు అడ్డుపడి నీరు ఆగినదంటే, కొద్దిసేపటిలోనే రెక్కలు అరిగి, మాడి, ముక్కలవుతాయి. మేము పసిగట్టిన వాసన అదే.

రెండవ ఆపద కందెన నూనెకు సంబంధించినది. తిరిగే ఇరుసుకు, దానిని మోసే బేరింగులకు మధ్య పలుచని నూనె పొర ఉంటుంది. నూనె పంపు పీడనమే ఆ పొరను నిలబెడుతుంది. పీడనము పడిపోతే లోహము లోహమును రాచుకొని, చివరకు ఇంజను బిగుసుకొని పోతుంది.

రోడ్డుమీద ఇంజను ఆగితే బస్సు కూడా ఆగుతుంది. నీటిమీద ఇంజను ఆగితే పడవ ఆగదు. ప్రవాహము దానిని తనకు తోచిన చోటికి తీసికొని పోతుంది. సముద్రములోనైతే అలలు దానిని అడ్డముగా త్రిప్పివేస్తాయి. నది సముద్రములో కలిసే మొగవద్ద ఇది ప్రాణాపాయమే. పడవ నడిపేవాని చూపు నీటిమీద ఉండవలెను. ముందున్న బల్లమీది ముల్లును చూడవలెనంటే అతడు చూపును త్రిప్పవలెను. చెవికి అట్టి ఇబ్బంది లేదు. అందుచేతనే హెచ్చరికను చెవికి అప్పగించినారు.

వలయము ఎట్లు సాగుతుంది?

ఈ ఏర్పాటు చాలా సులభమైనది. బ్యాటరీ ధనధ్రువము నుండి విద్యుత్తు తాళంచెవి స్విచ్చికి వస్తుంది. తాళమును త్రిప్పగానే హారను యొక్క ఒక కొనకు చేరుతుంది. హారను రెండవ కొన నుండి బయలుదేరిన తీగ ఇంజను మీద అమర్చిన రెండు చిన్న స్విచ్చులకు పోతుంది. ఒకటి వేడిని కనిపెట్టేది, రెండవది నూనె పీడనమును కనిపెట్టేది. ఈ రెండును సమాంతరముగా కలుపబడి ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి మూసుకొన్నా విద్యుత్తు ఇంజను ఇనుప దిమ్మలోనికి దిగి, అచటి నుండి బ్యాటరీ ఋణధ్రువమును చేరుతుంది. వలయము పూర్తి అయి హారను కూస్తుంది.

వేడిని కనిపెట్టే స్విచ్చిలో ఉండేది ద్విలోహ బిళ్ళ. వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహపు రేకులను ఒకదానికొకటి అతికి దీనిని చేస్తారు. ఒక మీటరు పొడవు గల ఇత్తడి కడ్డీని 70 డిగ్రీల మేర వేడి చేస్తే సుమారు 1.3 మిల్లీమీటర్లు సాగుతుంది. ఇన్వార్ అనే ఇనుము–నికెల్ మిశ్రమలోహము అంతే వేడికి మిల్లీమీటరులో పదవ వంతు కూడా సాగదు. 1896లో ఈ లోహమును కనిపెట్టిన గియోం అను శాస్త్రజ్ఞునికి 1920లో నోబెల్ బహుమతి లభించినది. ఇట్టి రెండు రేకులు అతుకబడి ఉన్నప్పుడు, ఒకటి సాగి రెండవది సాగక, బిళ్ళ వంగక తప్పదు. కొంచెము గిన్నెవలె ఒత్తిన బిళ్ళ అయితే, నియమితమైన ఉష్ణోగ్రత రాగానే టక్కున రెండవ ప్రక్కకు బోర్లపడి స్విచ్చిని మూస్తుంది.

నూనె స్విచ్చిలో ఒక పొర, దానిని నెట్టే స్ప్రింగు ఉంటాయి. నూనె పీడనము లేనప్పుడు స్ప్రింగు స్విచ్చిని మూసి ఉంచుతుంది. పీడనము రాగానే పొర వెనుకకు నెట్టబడి స్విచ్చి తెరచుకొంటుంది.

ఒకటి ప్రతిదినము పలుకుతుంది, రెండవది పలుకదు

ఇక్కడ పాఠకులు ఒక విశేషమును గమనించవలెను. ఇంజను నడవనప్పుడు నూనె పీడనము ఉండదు. కావున నూనె స్విచ్చి మూసుకొనే ఉంటుంది. అప్పుడు తాళమును త్రిప్పితే, ఇంజను స్టార్టు కాకముందే హారను కూయవలెను. స్టార్టు అయిన కొద్ది క్షణములలో పీడనము పెరిగి కూత ఆగవలెను. అనగా బ్యాటరీ, తాళపు స్విచ్చి, హారను, నూనె స్విచ్చి, వాటి తీగలు ఇవన్నియు ప్రతి ఉదయము మనము కోరకుండానే పరీక్షింపబడుతున్నవి.

వేడి స్విచ్చి సంగతి వేరు. అది చల్లగా ఉన్నప్పుడు తెరచి ఉంటుంది. దాని తీగ తెగినా, కొన చిలుము పట్టినా ప్రతిదినము ఇంజను మామూలుగానే నడుస్తుంది. లోపము బయటపడేది ఆపద వచ్చిన దినముననే. కాబట్టి ఉదయపు కూత విని అంతా బాగున్నదనుకొనుట సగము నిజమే. వేడి స్విచ్చిని ప్రత్యేకముగా పరీక్షించవలెను.

అన్ని ఇంజనులు ఈ పద్ధతిలోనే ఉండవు. ఎలక్ట్రానిక్ నియంత్రణ గల ఇంజనులలో తాళము త్రిప్పగానే హారను ఒక్క క్షణము కూసి ఊరకుంటుంది. అట్టి వాటి తీగలను విప్పి పరీక్షించరాదు. తయారుచేసినవారి పుస్తకములో చెప్పిన క్రమమునే పాటించవలెను.

హారను ఎక్కడ దాగి ఉంటుంది?

హారను అనగానే చాలమంది బస్సు బూర వంటి దానికోసము వెదుకుతారు. అందుచేతనే అది వారికి కనబడదు. నేటి హెచ్చరిక హారను సాధారణముగా బొటనవ్రేలంత నల్లని ప్లాస్టిక్ డబ్బీ. నడుమ చిన్న రంధ్రము, వెనుక రెండు తీగలు ఉంటాయి. మీటరులు బిగించిన బల్ల వెనుకనో, వేగమును మార్చే మీటగల పెట్టెలోనో, ఇంజనుకు పోయే తీగలకట్టలోనో దానిని అమర్చుతారు.

దీనిని పట్టుకొనుటకు రెండు మార్గములు కలవు. మొదటిది తీగ వెంట పోవుట. తాళపు స్విచ్చి నుండి బయలుదేరి, తాళము త్రిప్పినప్పుడు మాత్రమే విద్యుత్తు వచ్చే తీగను అనుసరించవలెను. అమెరికాలో చిన్న పడవలకు వాడే ప్రమాణము ప్రకారము ఆ తీగ ఊదారంగులో ఉంటుంది. వేడిని తెలిపే పరికరము తీగ లేత గోధుమరంగులోను, నూనె పీడనమును తెలిపేది లేత నీలిరంగులోను ఉంటాయి. కాని మరమ్మతులు జరిగిన పడవలలో రంగును నమ్ముకొనరాదు.

రెండవ మార్గము చెవి. హారను కూస్తున్నప్పుడు ధ్వని ఎచటినుండి వస్తున్నదో వినుటయే. ఇది వినుటకు సులభమే కాని, చేసి చూస్తే చిత్రముగా ఉంటుంది. ఒకసారి కుడిప్రక్కన ఉన్నట్లు, తల కొంచెము కదల్చగానే ఎడమప్రక్కన ఉన్నట్లు తోస్తుంది. దీనికి కారణము ఉన్నది.

డబ్బీలో ఉండేది పలుచని పింగాణివంటి బిళ్ళ. కొన్ని స్ఫటికములను నొక్కితే విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. విద్యుత్తును ఇచ్చినచో ఆ స్ఫటికములు సాగి ముడుచుకొనవలెనని మరుసటి సంవత్సరము లిప్‌మన్ లెక్కవేసి చెప్పగా, అదియు నిజమని క్యూరీ సోదరులే నిరూపించినారు. ఈ రెండవ ఫలితమే మన హారనును కూయిస్తుంది. ఇట్టి హారనులు సాధారణముగా సెకనుకు 3000 కంపనముల ప్రాంతమున పలుకుతాయి. మానవుని చెవి చక్కగా వినగల స్వరములు కూడా 2000 నుండి 5000 కంపనముల మధ్యనే ఉన్నవి. అందుచేత ఇంత చిన్న డబ్బీ ఇంజను రొదలో కూడ వినబడుతుంది.

గాలిలో ధ్వనివేగము సెకనుకు సుమారు 340 మీటర్లు. దీనిని 3000 చేత భాగించినచో తరంగదైర్ఘ్యము సుమారు 11 సెంటీమీటర్లని తేలుతుంది. మంద్రస్వరములు వచ్చే దిక్కును మన మెదడు రెండు చెవులకు అవి చేరే కాలభేదమును బట్టి తెలిసికొంటుంది. ఈ భేదము ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యవ వంతు లోపుననే ఉంటుంది. స్వరము ఇంత హెచ్చుగా ఉన్నప్పుడు తరంగములు దగ్గర దగ్గరగా వచ్చుటచేత ఆ లెక్క పనిచేయదు. అప్పుడు తల నీడలో ఉన్న చెవికి ధ్వని తక్కువగా వినబడుటయే ఆధారము. అయితే పడవ లోపలి గోడలు, బల్లలు ఆ తరంగములను తిప్పికొట్టుటచేత స్థిరతరంగములు ఏర్పడతాయి. ప్రస్పందన స్థానములకు, అస్పందన స్థానములకు మధ్య దూరము తరంగదైర్ఘ్యములో నాల్గవ వంతు, అనగా 3 సెంటీమీటర్లకన్న తక్కువ. తల సుమారు ఒక అంగుళము కదిలితే చాలు, హెచ్చు తగ్గయి, తగ్గు హెచ్చవుతుంది. చెవి మోసపోవుట ఇందుచేతనే.

దీనికి ఉపాయము మీటరు పొడవు గల రబ్బరు గొట్టము. ఒక కొనను చెవి దగ్గర పెట్టుకొని, లోనికి దూర్చకుండా, రెండవ కొనను బల్ల వెంబడి మెల్లగా జరుపుతూ పోవలెను. రంధ్రము ఎదుటికి వచ్చినప్పుడు కూత ఒక్కసారిగా హెచ్చుతుంది. 1816లో లేనెక్ అను ఫ్రెంచి వైద్యుడు కాగితమును చుట్టి రోగి గుండె చప్పుడు విన్నది ఈ యుక్తితోనే. దొరికిన డబ్బీ రంధ్రమును వ్రేలితో మూసి చూడండి. స్వరము మారితే అదే మీరు వెదకుతున్న హారను.

పరీక్షించే క్రమము

మొదట జాగ్రత్తలు. పడవను ఒడ్డున కట్టివేసి, ఇంజనును ఆపి, చల్లారనివ్వవలెను. పెట్రోలు ఇంజను అయితే గది మూతలు తెరచి, గాలి బాగుగా ఆడనిచ్చి, పెట్రోలు వాసన ఏమాత్రము లేదని నిర్ధారణ చేసికొనిన తరువాతనే తీగలను ముట్టవలెను. చిన్న నిప్పురవ్వ చాలు ప్రమాదమునకు. ఉంగరము, గడియారము తీసివేయుట మంచిది. నీరు అందకుండా ఇంజనును నడిపి వేడెక్కించి పరీక్షించుట ఎన్నడును తగదు. హారనును పరీక్షించబోయి ఇంజనును పోగొట్టుకొన్నవారవుతాము.

ఇంకొక సంగతి. చాలా ఇంజనులమీద చూచుటకు ఒకేరీతిగా ఉండే పరికరములు రెండు ఉంటాయి. ఒకటి మీటరు ముల్లును కదిల్చేది, రెండవది హారనును కూయించేది. మనకు కావలసినది రెండవది. తీగ ఎచటికి పోతున్నదో చూచి నిశ్చయించుకొనవలెను.

తాళమును త్రిప్పండి, స్టార్టు చేయవద్దు. హారను కూసినచో నూనె స్విచ్చి తీగను విప్పండి. కూత ఆగుతుంది. ఇప్పుడు వేడి స్విచ్చి తీగను విప్పి, దాని కొనను ఒక ఆంపియరు ఫ్యూజు ద్వారా ఇంజను దిమ్మకు తాకించండి. కూసినదా, ఆ తీగ క్షేమముగా ఉన్నట్లే. కూయకపోతే ఆ తీగ ఎక్కడో తెగి ఉన్నది. పొరపాటున బ్యాటరీ తీగనే తాకించినా ఫ్యూజు ఒక్కటే పోతుంది, తీగలు మాడవు.

మొదటనే హారను కూయలేదనుకొందాము. అప్పుడు రెండు స్విచ్చుల తీగలను విప్పి ఉంచి, ఒక్కొక్క కొనకు, ఇంజను దిమ్మకు మధ్య వోల్టులను కొలవవలెను. ఒక్కదానినే విప్పి కొలిస్తే, రెండవ స్విచ్చి మూసి ఉన్నందువలన మీటరు సున్న చూపి మనలను తప్పుదారి పట్టిస్తుంది. కొలిచినప్పుడు 12 వోల్టులు చూపి, దిమ్మకు తాకించగానే హారను కూసినచో, లోపము నూనె స్విచ్చిలోనే ఉన్నది. 12 వోల్టులు చూపినా తాకించినప్పుడు కూయకపోతే, దారిలో ఎక్కడో చిలుము పట్టినదని గాని, హారనే చెడినదని గాని అనుమానించవలెను. వోల్టుమీటరు నిరోధము చాలా హెచ్చు. అది తీసికొనే విద్యుత్తు అత్యల్పము. అంత కొంచెము చిలుములో నుండి కూడా ప్రవహించగలదు. హారనుకు కావలసినంత ప్రవహించలేదు. వోల్టులు ఉన్నంత మాత్రమున దారి మంచిదని అర్థము కాదు.

వోల్టులు అసలే రాకపోతే హారను వద్దకు పోవలెను. తాళము వైపు కొనకు విద్యుత్తు రాకపోతే ఫ్యూజు, తాళపు స్విచ్చి, తీగ చూడవలెను. వస్తున్నచో హారను తీగలను రెంటిని విప్పి, ఎర్రతీగ ధనధ్రువమునకు వచ్చునట్లు 12 వోల్టుల బ్యాటరీకి సూటిగా తగిలించవలెను. కూయకపోతే అది చెడినట్లే. కూసినచో, హారనుకు స్విచ్చులకు మధ్య తీగ తెగినది.

ఇక మిగిలినది వేడి స్విచ్చి. దానిని చల్లని ఇంజను నుండి విప్పి, తీగ తగిలించే కొన పైకి ఉండునట్లు నీటి గిన్నెలో వ్రేలాడదీయవలెను. గిన్నె అడుగుకు తాకరాదు. ప్రక్కనే ఉష్ణమాపకమును ఉంచవలెను. నిరోధమును కొలిచే మీటరును స్విచ్చి కొనకు, దాని లోహపు ఒంటికి కలిపి నీటిని మెల్లగా కాచండి. స్విచ్చిమీద ముద్రించిన ఉష్ణోగ్రత ప్రాంతమున మీటరు స్విచ్చి మూసుకొన్నట్లు చూపవలెను. నీరు చల్లారునప్పుడు అదే ఉష్ణోగ్రతవద్ద కాక, కొన్ని డిగ్రీలు దిగిన తరువాత స్విచ్చి విడిపోతుంది. ఇది లోపము కాదు. ఈ తేడా లేకపోతే సరిహద్దు ఉష్ణోగ్రతవద్ద హారను ఆగి ఆగి నత్తిగా పలికేది. ముద్రించిన ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు మించినచో ఈ గిన్నె పరీక్ష పనికిరాదు. మెకానిక్కుకు అప్పగించుట మేలు.

పరీక్షలన్నిటిలోను నెగ్గిన హారనుకు కూడా ఒక పరిమితి కలదు. వేడి స్విచ్చి తనను తాకిన నీటి వేడినే చెప్పగలదు. ఇంజనులోని నీరంతా కారిపోతే, స్విచ్చి ఖాళీ చోట ఉండిపోయి ఆలస్యముగా చెప్పవచ్చును, చెప్పకనూ పోవచ్చును. కావున పొగగొట్టముతో పాటు నీరు చిమ్మే పడవలలో ఆ నీరు పడుతున్నదా లేదా అని అప్పుడప్పుడు చూచుచుండుట సరంగుకు అవసరమే.

తరగతిలో చేసి చూడదగినది

ఉపాధ్యాయులు ఈ విషయమును చిన్న ప్రయోగముతో చూపవచ్చును. 9 వోల్టుల బ్యాటరీ, బజరు, స్విచ్చి, పొడవైన తీగలతో ఒక వలయము కట్టండి. స్విచ్చి నొక్కితేనే బజరు మ్రోగవలెను. రెండవ వలయములో రిలేను వాడి, తీగలో విద్యుత్తు ప్రవహించినంతసేపు బజరు ఊరకుండి, ప్రవాహము ఆగితే మ్రోగునట్లు అమర్చండి. తరువాత ఒక విద్యార్థిచేత రెండింటిలోను తీగను తెంపించండి. మొదటి వలయము ఏమియు చెప్పదు. రెండవది వెంటనే అరుస్తుంది. రెండవదాని కొరకు విద్యుత్తు ఎల్లప్పుడు ఖర్చగుచుండుట దానికి మనము ఇచ్చే వెల.

రైళ్ళ చరిత్రలో ఇదే పాఠము కనబడుతుంది. వెస్టింగ్‌హౌస్ 1869లో చేసిన మొదటి గాలిబ్రేకులో పీడనము పంపితేనే బ్రేకులు పడేవి. గొట్టము తెగితే బ్రేకులే లేవు. 1872లో ఆయన దానిని తలక్రిందులు చేసినాడు. పీడనము ఉన్నంతసేపు బ్రేకులు విడిచి ఉంటాయి. గొట్టము తెగితే వాటంతట అవే పడతాయి. లోపము తనను తానే చాటుకొనునట్లు చేయుట మంచి యంత్రరచన లక్షణము. మన నూనె స్విచ్చి ఈ జాతికి చెందినది. వేడి స్విచ్చి చెందదు.

ఇక మా లాంచీ కథ. ఇంజను చల్లారే లోపల, తాళము నుండి బయలుదేరి తీగను పట్టుకొని పోయాము. మీటరుల బల్ల వెనుక, దుమ్ములో, నల్లని డబ్బీ దొరికినది. చెడలేదు. దాని ఒక తీగను ఎవరో కత్తిరించి, కొనకు గుడ్డటేపు చుట్టినారు. సరంగు చాలాసేపు దానిని చూచి, "పాత డ్రైవరండి. తాళం తిప్పినప్పుడల్లా ఊరికే కూస్తోందని విసుక్కునేవాడండి" అన్నాడు.

ఊరికే కూయలేదు. తాను బ్రతికి ఉన్నానని ప్రతి ఉదయము చెప్పుకొన్నది. తీగను కలిపి తాళము త్రిప్పగానే కూత వినబడినది. మరునాటినుండి ఆ కూత వినకుండా ఇంజను స్టార్టు చేయనని సరంగు మాట ఇచ్చినాడు.